జవాబు కూడా హక్కులో భాగమే

(సముదాయ గ్రంథాలయాల కంప్యూటర్ గదుల్లో సేవ చేస్తున్న యువ కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వాడేవారికి అందే సహాయం ఎంత నాణ్యమైనది అన్నది నేడు నేను ఎంచుకున్న విషయం. స్కాలర్‌షిప్పులు, రిజర్వేషన్లు, వక్ఫ్ ఆస్తులు చర్చించుకునే చోట ఈ మాట ఎందుకని కొందరికి అనిపించవచ్చు. కారణం చెబుతాను. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిసింది. విండోస్ 11కు సరిపోని పాత కంప్యూటర్లు మన గ్రంథాలయాల్లో, చిన్న బడుల్లో, దాతలు ఇచ్చిన గదుల్లో ఎన్నో ఉన్నాయి. వాటిని పాత సామాను వానికి అమ్మనక్కరలేదు. లినక్స్ ఎక్కిస్తే వాటిలో చాలావరకు మరికొన్నేళ్లు పనిచేస్తాయి. ఖర్చు లేదు, దొంగ కాపీ అన్న అపవాదూ లేదు. కాని ఎక్కించిన మర్నాడే ప్రింటర్ కదలదు. మరొకనాడు తెలుగు అక్షరం తెరపై తలకిందులవుతుంది. దరఖాస్తుకు గడువు దగ్గరపడిన విద్యార్థిని అప్పుడు ఎవరిని అడగాలి? అడిగితే ఆమెకు ఏ విధమైన జవాబు వస్తుంది? ఆమె చేతికి వచ్చిన యంత్రం ఉపయోగపడుతుందా, మూలన పడుతుందా అన్నది ఆ జవాబుపైనే ఆధారపడి ఉంది.

ఈ ఉద్యమ చరిత్రలో ఒక విచిత్రం ఉంది. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ ప్రయోగశాలలో రిచర్డ్ స్టాల్‌మన్ అనే ప్రోగ్రామర్ పనిచేసేవారు. అక్కడి లేజర్ ప్రింటర్‌లో తరచు కాగితం ఇరుక్కుపోయేది. ఆ సంగతి వాడుకదారులకు వెంటనే తెలిసేలా దాని సాఫ్ట్‌వేర్‌ను సవరించాలని ఆయన భావించారు. మూల సంకేతం ఉన్న ఒక పరిశోధకుణ్ణి అడిగారు. ఎవరికీ ఇవ్వనని ఒప్పందం చేసుకున్నానని ఆ పరిశోధకుడు నిరాకరించాడు. ఆ నిరాకరణ తన మనసుపై చెరగని ముద్ర వేసిందని స్టాల్‌మన్ తరువాత అనేక ప్రసంగాల్లో చెప్పారు. 1983లో ఆయన గ్నూ ప్రాజెక్టును ప్రకటించారు, 1985లో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ ఏర్పడింది. 1991లో ఫిన్లాండ్ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నెల్‌ను విడుదల చేశారు. అంటే, అడిగినవానికి సహాయం అందకపోవడం నుంచే ఈ ఉద్యమానికి ప్రేరణ లభించింది. అటువంటి ఉద్యమపు గడపలో నిలబడి అడిగిన కొత్తవానికి ఈసడింపు ఎదురైతే అంతకన్న విడ్డూరం ఏముంటుంది?

ఈ సాఫ్ట్‌వేర్ మనకు నాలుగు స్వేచ్ఛలు ఇస్తుంది. ఏ పనికైనా వాడుకోవచ్చు, లోపలి పనితీరును పరిశీలించి మార్చుకోవచ్చు, ఇతరులకు పంచవచ్చు, మార్చినదాన్ని కూడా పంచవచ్చు. అయితే అదే అనుమతి పత్రంలో, దీనికి ఎటువంటి పూచీ లేదు అని కూడా రాసి ఉంటుంది. చెడిపోతే బాగుచేయించమని నిలదీయడానికి డబ్బు తీసుకున్న అమ్మకందారు ఎవరూ లేరు. జవాబు చెప్పేవారిలో ఎక్కువమంది పగలంతా ఉద్యోగం చేసుకొని రాత్రివేళ జీతం లేకుండా చెబుతున్నవారే. ఒకే ప్రశ్నను వందసార్లు విని విసిగినవారే. వారి శ్రమను మరచి మాట్లాడటం న్యాయం కాదు. స్వేచ్ఛ కాగితం మీద లభించింది, దాన్ని అనుభవంలోకి తెచ్చేది మాత్రం తోటి మనిషి చెప్పే మాట. అందుకే ఆ మాట నాణ్యతను పట్టించుకోవాలి.

నాసిరకం జవాబులు ఎన్ని రకాలో చూద్దాం. మొదటిది గద్దింపు. 'పుస్తకం చదువుకొని రా' అన్న అర్థంలో ఒక అసభ్య సంక్షిప్త పదమే ఆ లోకంలో చిరకాలంగా చలామణిలో ఉంది. పుస్తకం చదవడం మంచిదే. ఏ పుస్తకం, ఎన్నో అధ్యాయం అని చెబితే అది సహాయం, చెప్పకపోతే అవమానం. రెండవది అరకొర జవాబు: తెలిసినవానికి గుర్తుచేయడానికే తప్ప తెలియనివానికి పనికిరాదు. మూడవది అడిగినదాన్ని విడిచి ఉపదేశం చేయడం: ప్రింటర్ గురించి అడిగితే, నీవు వాడే లినక్స్ రకమే తప్పు, మరొకటి వేసుకో అంటారు. నాలుగవది కాలం చెల్లిన జవాబు: పదేళ్ల నాటి సంచికకు సరిపోయిన ఉపాయం నేటి యంత్రాన్ని చెడగొట్టవచ్చు. ఐదవది ప్రమాదకరమైన జవాబు: ఫైళ్లన్నిటినీ తుడిచివేసే ఆదేశాన్ని పరిష్కారమని చెప్పి కొత్తవారిని వేళాకోళం చేసినవారూ ఉన్నారు. గ్నూవారి 'ఆర్‌ఎం' ఆదేశం ఇప్పుడు మూల డైరెక్టరీని నేరుగా తుడిచివేయమంటే నిరాకరిస్తుంది. యంత్రానికి ఆ జాగ్రత్త నేర్పారు, మనుషులం మనం నేర్చుకోవద్దా?

ప్రశ్నలు ఎలా అడగాలో బోధిస్తూ ఎరిక్ రేమండ్ 2001లో రాసిన ఒక మార్గదర్శిని ఆ లోకంలో ప్రసిద్ధం. ముందు స్వయంగా వెదకండి, సమస్యను స్పష్టంగా వివరించండి అని అది చెబుతుంది. కొత్తవారిని మందలించడానికి చాలామంది దాన్ని చూపిస్తారు. అదే రచన చివర, జవాబు ఎలా చెప్పాలో బోధించే భాగం కూడా ఉందని మాత్రం చాలా తక్కువమంది గుర్తుచేస్తారు. సమస్యలో చిక్కుకున్నవాడు ఆ ఒత్తిడిలో మొరటుగానో తెలివితక్కువగానో కనబడవచ్చు, కనుక మృదువుగా వ్యవహరించాలి అన్నది అక్కడి సలహా. అడిగేవాని బాధ్యతలను కంఠస్థం చేసి, చెప్పేవాని బాధ్యతలను మరచిపోవడం ఏ వ్యవస్థలోనైనా బలవంతులకు అలవాటే.

ఈ లోపాన్ని ఆ లోకం తానే గుర్తించింది. ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాలకు పేరుపొందిన స్టాక్ ఓవర్‌ఫ్లో సంస్థ, కొత్తవారికి, స్త్రీలకు, అంచులకు నెట్టబడిన వర్గాలకు తమ చోటు ఆదరణ చూపడం లేదని 2018 ఏప్రిల్‌లో బహిరంగంగా ఒప్పుకుంది. అదే ఏడాది సెప్టెంబరులో టోర్వాల్డ్స్ తన ఉత్తరాల్లోని పరుషత్వానికి క్షమాపణ చెప్పి కొంతకాలం పని నుంచి తప్పుకున్నారు. లినక్స్ కెర్నెల్ బృందం ప్రవర్తనా నియమావళిని స్వీకరించింది. మర్యాద విషయంలో మార్పు మొదలైంది. మర్యాద ఉన్నంత మాత్రాన జవాబు సరైనదైపోదు, అది వేరే సంగతి. ఇంపుగా చెప్పిన తప్పు కూడా తప్పే.

మంచి జవాబు ఎలా ఉంటుందో ఒక ఊహా ఉదాహరణతో చెబుతాను. ఒక యువకుడు ఇలా అడిగాడనుకోండి: 'ముద్రణాలయంలో టైపు చేయించిన మా సంఘం నియమావళి ఫైలును లిబ్రె ఆఫీసులో తెరిస్తే తెలుగుకు బదులు అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు వస్తున్నాయి.' ఫాంటు వేసుకో అన్నది ఒక జవాబు. అది పూర్తిగా అబద్ధం కాదు, పనీ తీరదు. విషయం తెలిసినవాడు ఇలా చెబుతాడు: 'మీ ఫైలు చెడిపోలేదు, భయపడకండి. యూనికోడ్ వాడుకలోకి రాకముందు మన ముద్రణాలయాలకు వచ్చిన ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలను కూర్చాయి. ఆ ఫాంటు లేని యంత్రంలో కింద దాగిన ఇంగ్లీషు అక్షరాలు బయటపడతాయి. ముందు ఫైలుకు ఒక నకలు తీసి భద్రపరచండి. అచ్చు వేయించడమే మీ అవసరమైతే ముద్రణాలయం నుంచి పీడీఎఫ్ తెప్పించుకుంటే చాలు. సవరించాలంటే ఆ ఫాంటుకు సరిపడే మార్పిడి పరికరంతో యూనికోడ్‌లోకి మార్చుకోవాలి. మార్చిన తరువాత ఒత్తులు, సున్నలు, అంకెలు అసలు ప్రతితో పోల్చి చూడండి, తప్పులు ఎక్కువగా అక్కడే దొర్లుతాయి. ఫాంటు పేరు తెలిస్తే చెప్పండి, తరువాతి మెట్టు చెబుతాను.'

ఈ జవాబులో ఏమేమి ఉన్నాయో గమనించండి. ముందు ధైర్యం ఉంది. కారణం ఉంది. నష్టం జరగకుండా జాగ్రత్త ఉంది. అడిగినవాని అసలు అవసరం ఏమిటన్న ఆలోచన ఉంది. సరిచూసుకునే పద్ధతి ఉంది. మళ్లీ అడగడానికి తలుపు తెరిచి ఉంది. అన్నిటికన్న మించి, అటువంటి చిక్కే వచ్చిన మరొక ఊరివాడు రేపు దీన్ని చదివి తన పని తాను చేసుకోగలడు. బహిరంగంగా రాసిన జవాబు ఒకరికిచ్చిన ఉత్తరం కాదు, పదిమందికి పనికివచ్చే దస్తావేజు.

ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా అర్జీల మధ్య జీవితం గడిపినవాణ్ణి గనుక, నాకు ఇక్కడ 2005 నాటి సమాచార హక్కు చట్టం గుర్తుకువస్తుంది. ఆ చట్టంలోని ఆరవ సెక్షన్ ప్రకారం, రాయలేనివాడు నోటితో అడిగితే దాన్ని కాగితంపై పెట్టడానికి అధికారే తోడ్పడాలి. విషయం తన శాఖది కాకపోతే, 'ఇక్కడ కాదు పో' అనడానికి వీల్లేదు. ఐదు రోజుల్లోగా సంబంధిత కార్యాలయానికి బదిలీ చేసి ఆ సంగతి అర్జీదారునికి తెలపాలి. ఏడవ సెక్షన్ ప్రకారం, తిరస్కరిస్తే కారణం చెప్పాలి, ఎవరికి, ఎంత గడువులో అప్పీలు చేసుకోవాలో కూడా చెప్పాలి. జీతం లేని స్వచ్ఛంద సేవకుని మీద ఈ చట్టం రుద్దలేము. కాని దాని వెనుక ఉన్న నీతిని అరువు తెచ్చుకోవడానికి ఏ అనుమతీ అక్కరలేదు. ప్రశ్న వంకరగా ఉంటే సరిదిద్దడానికి తోడ్పడాలి. మనకు రాకపోతే తెలిసినవారి చోటు చూపాలి. కుదరదంటే ఎందుకు కుదరదో చెప్పాలి.

ఇక భాష. ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు తడబడకుండా రాయలేనివారిని తెలివిలేనివారిగా జమకట్టడం ఈ రంగంలో పెద్ద అన్యాయం. మన ఇళ్లలో ఉర్దూ మాట్లాడి, బడిలో తెలుగు చదివి, కంప్యూటర్ ముందు మాత్రం ఇంగ్లీషులో అడగవలసిన పిల్లలు ఎందరో ఉన్నారు. 2003లో మొదలైన తెలుగు వికీపీడియాలో సభ్యులు చర్చించుకునే పేజీకి 'రచ్చబండ' అని పేరు పెట్టుకున్నారు. కొత్తవారి సందేహాలకు అక్కడ తెలుగులోనే జవాబులు వస్తున్నాయి. సాంకేతిక విషయం తెలుగులో చెప్పలేమన్న వాదానికి అదే సమాధానం. కృత్రిమ మేధ ఉండగా ఈ శ్రమ దేనికి అంటారేమో. అది నేర్చుకున్నది మనుషులు రాసిపెట్టినదాని నుంచే. తెలుగులో, ఉర్దూలో మంచి జవాబులు రాసిపెట్టి ఉండకపోతే దానికి నేర్చుకోవడానికి ఏముంటుంది? పైగా తప్పును కూడా అది తడుముకోకుండా చెబుతుంది. సరిచూడగల మనిషి కావాలి.

కనుక ప్రతి కంప్యూటర్ గదిలోనూ ఒక ప్రశ్నల పుస్తకం తెరవమని మిమ్మల్ని కోరుతున్నాను. సాధారణ రూళ్ల పుస్తకం చాలు. ఎడమ పేజీలో ప్రశ్న, తేదీ, ఏ యంత్రం, ఏ లినక్స్, ఎన్నవ సంచిక, తెరపై వచ్చిన హెచ్చరిక యథాతథంగా రాయండి. కుడి పేజీలో జవాబు, ఎందుకు పనిచేసిందో కారణం రాయండి. ఏ ఆదేశమైనా ఇచ్చేముందు అది ఏం చేస్తుందో ఒక వాక్యంలో చెప్పండి. తెలియనిది తెలియదనండి. పని తీరినవారు, తీరింది అని వదిలేయకుండా ఎలా తీరిందో రాసి సంతకం చేయాలి. అది అడిగినవారి వంతు రుణం. నెలకొకసారి మన గదులన్నీ ఆ పుస్తకాలను పోల్చుకొని, మంచి జవాబులను తెలుగులో, ఉర్దూలో శుభ్రంగా రాసి అందరికీ అందుబాటులో ఉంచాలి.

ఒక్క విషయం మాత్రం మరువకండి. మొదటిసారి అడిగినప్పుడు చిన్నబోయిన ఆడపిల్ల రెండవసారి అడగదు. నెట్ సెంటర్‌కు వెళ్లి, ఉన్న డబ్బు ఇచ్చి, తన పాస్‌వర్డ్ కూడా మరొకరి చేతిలో పెట్టి దరఖాస్తు చేయిస్తుంది. లేదా చేయడమే మానుకుంటుంది. ఆమె ఎందుకు రావడం మానేసిందో మన రికార్డుల్లో ఎక్కడా నమోదు కాదు. అందుచేత మీ గదిలో ఎన్ని కంప్యూటర్లు పనిచేస్తున్నాయని లెక్కించేటప్పుడు, ఒకసారి అడిగి వెళ్లినవారిలో ఎంతమంది మళ్లీ వచ్చి అడిగారో కూడా లెక్కించండి.

సెలవు.