పాండురోగము - థైరాయిడ్ గ్రంథి



దేహము పాలిపోయి, నాలుగడుగులు వేయగనే ఆయాసము వచ్చినచో గుడివాడ పరిసర గ్రామములయందు “రక్తము తక్కువైనది, టానిక్కు పుచ్చుకొనుము” అందురు. ఇనుము లోపించినవారికి ఆ మాట సరియే. కాని ఇనుముచే నయముకాని పాండురోగము వేరొకటి గలదు. దానిని పెర్నీషియస్ అనీమియా అందురు.

రక్తకణములు పరిపక్వమగుటకు బి12 విటమిను అవసరము. అది పాలు, పెరుగు, గ్రుడ్లు, చేపలు, మాంసములయందు లభించును. కాని తిన్నంతమాత్రమున చాలదు. ఉదరకోశమున పుట్టు ఒక ద్రవ్యము తోడైననే చిన్నప్రేవు దానిని చక్కగా గ్రహింపగలదు. రోగక్రిములనుండి కాపాడవలసిన రక్షణశక్తి స్వంత ఉదరకోశముపైననే తిరుగబడినచో ఆ ద్రవ్యము నశించును. ఎంత తిన్నను బి12 వంటబట్టదు. కంచెయే చేను మేసిన చందము!

ఈ కంచె ఒక్క చేనితో ఆగకపోవచ్చును. కంఠమునందలి థైరాయిడ్ గ్రంథిని సైతము అది మేయును. 1912లో జపాను వైద్యుడు హషిమోటో వర్ణించిన గ్రంథివ్యాధి ఇట్టిదేయని 1956లో లండను పరిశోధకులు కనుగొనిరి. ఈ రెండు వ్యాధులలో ఒకటి గలవారికి రెండవది ఇతరులకంటె హెచ్చుగా కలుగుచుండును. అలసట, మతిమరుపు, మందకొడితనము రెండింటికిని సామాన్యలక్షణములు. కావుననే ఒకదాని చాటున మరొకటి దాగును. థైరాయిడ్ మాత్ర సక్రమముగా వాడుచున్నను నీరసము తగ్గనివారు బి12 పరీక్షను గూర్చి వైద్యుని అడుగవలెను.

ఇచ్చట ఆంధ్రులకు ఒక గర్వకారణమును, ఒక హెచ్చరికయు గలవు. 1895లో భీమవరమున జన్మించిన డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు స్ప్రూ అను గ్రహణివ్యాధికి సోదరులను కోల్పోయిరి. పిమ్మట అమెరికాకేగి, లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లమును తయారుచేయు కృషికి నాయకులైరి. 1945లో అది ఫలించెను. గ్రహణిరోగులకు అది వరమైనది. పెర్నీషియస్ అనీమియాయందును అది రక్తమును పెంచును. ముఖమునకు కళ వచ్చును. కాని నరములను కాపాడజాలదు. పాదములు తిమ్మిరెక్కును, నడక తూలును, తుదకు శాశ్వతమగు హానియు కలుగవచ్చును. నరములను కాపాడునది 1948లో వేరుచేయబడిన బి12 మాత్రమే. సుబ్బారావుగారు కీర్తిశేషులైనదియు ఆ సంవత్సరముననే.

గర్భిణులు వైద్యసలహాపై పుచ్చుకొను ఫోలిక్ మాత్రలను మానరాదు. కాని పాలిపోయినవారు కారణమెఱుగక అంగడిమాత్రలతో కాలము గడపరాదు. 1926లో కాలేయాహారచికిత్స వెలువడువఱకు ప్రాణాంతకమైన ఈ వ్యాధి నేడు బి12 సూదిమందునకు లొంగుచున్నది. మందు జీవితాంతము వాడవలసియుండవచ్చును; కాని సకాలమున గుర్తించినచో నడక నిలుచును.

ఇరువదియైదేండ్లుగా ఇంటింటికిని పుస్తకమును చేర్చిన గ్రంథాలయము ఈ చిన్నమాటను కూడ చేర్చుగాక!