వంటింటి త్రాసు కొనేటప్పుడు ఏం చూడాలి?

(సమాఖ్య వార్షిక మహాసభలో జీవనోపాధుల ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పచ్చళ్ళు, పొడులు, పిండివంటలు చేసి అమ్మే సంఘాలు మనలో చాలా ఉన్నాయి. అప్పు గురించి, వడ్డీ గురించి ప్రతి మీటింగులో మాట్లాడుకుంటాం. త్రాసు గురించి మాత్రం మాట్లాడుకోం. అందుకే ఈ రోజు దాని గురించే నాలుగు మాటలు చెబుతాను.

ముందు ఒక లెక్క చూడండి. మన త్రాసు అరకిలో దగ్గర 20 గ్రాములు తక్కువ చూపిస్తోందనుకుందాం. ముల్లు 500 దగ్గర నిలిచేసరికి జాడీలో 520 గ్రాముల పచ్చడి పడుతుంది. 200 జాడీలు నింపితే 4 కిలోలు ఊరికే పోయినట్టే. కిలో 400 రూపాయల చొప్పున అది 1,600 రూపాయలు. అదే త్రాసు ఎక్కువ చూపిస్తే నష్టం కొన్నవాళ్ళకు. అలాంటి కొనుగోలుదారు మళ్ళీ మన గడప తొక్కరు. పైగా తక్కువ తూకం చట్టప్రకారం నేరం. ఎటు చూసినా నష్టపోయేది సంఘమే.

మన పెద్దవాళ్ళు గిద్దె, సోల, తవ్వ, మానికలతో కొలిచి పెట్టేవాళ్ళు కదా, వాళ్ళ పచ్చడి చెడిపోయిందా అని మీరు అడగొచ్చు. ఒకే ఇల్లు, ఒకే చెయ్యి, ఒకే రకం ఉప్పు అయితే కొలత సరిపోతుంది. కానీ సోలెడు కళ్ళుప్పు, సోలెడు మెత్తటి ఉప్పు ఒకే బరువు తూగవు. మెత్తటిది ఎక్కువ తూగుతుంది. పదిమంది కలిసి చేసే చోట ఉప్పు ఒకసారి తక్కువై బూజు పడుతుంది, ఇంకోసారి ఎక్కువై నోట పెట్టుకోలేం. తూకం వేస్తే ఆ బాధ ఉండదు.

కరెంటు, బ్యాటరీ అక్కర్లేని త్రాసుల్లో మనకు దొరికేవి ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి గడియారంలా డయలు, ముల్లు ఉన్న స్ప్రింగు త్రాసు. రెండోది రెండు పళ్ళేలు, తూకపు రాళ్ళు ఉన్న త్రాసు. స్ప్రింగు త్రాసు పని త్వరగా అవుతుంది, కానీ వాడేకొద్దీ స్ప్రింగు అలిసిపోతుంది. పళ్ళేల త్రాసు వస్తువును రాయితో పోల్చి చెబుతుంది. పని కొంచెం నిదానం, కానీ రాళ్ళు సరిగ్గా ఉంటే ఎక్కువ కాలం నమ్మొచ్చు.

డయలు త్రాసు కొనేటప్పుడు ఎన్ని కిలోలు తూస్తుందని అడుగుతాం. దాంతోపాటు గీతకూ గీతకూ మధ్య ఎన్ని గ్రాములో కూడా చూడండి. గీతకు 20 గ్రాములు ఉంటే 10 గ్రాముల తేడా కంటికి ఆనదు. కిలో మామిడి ముక్కల్లో 10 గ్రాములు పెద్ద లెక్క కాదు. 50 గ్రాముల మెంతుల్లో అది ఐదో వంతు. కాబట్టి మెంతులు, ఇంగువ లాంటివి తూచడానికి చిన్న పళ్ళేల త్రాసు వేరుగా పెట్టుకోవాలి. 10 కిలోల డయలు మీద వాటిని తూచకూడదు.

షాపులోనే ఈ పరీక్షలు చేయండి. మొహమాటపడొద్దు, డబ్బు మనది.

ఒకటి. ఖాళీ త్రాసు ముల్లు సున్నా మీద ఉండాలి. చేత్తో మెల్లగా నొక్కి వదిలితే మళ్ళీ సున్నాకే రావాలి.

రెండు. ముద్ర ఉన్న కిలో రాయి పెట్టి చూడండి. తర్వాత అరకిలో, రెండు కిలోలు కూడా. ఒక్క చోట సరిపోయినంత మాత్రాన అన్ని చోట్లా సరిపోతుందని అనుకోవద్దు.

మూడు. అదే రాయిని పళ్ళెం మధ్యలో, నాలుగు అంచుల్లో మార్చి పెట్టండి. బరువు మారకూడదు.

నాలుగు. పెద్ద బరువు పది నిమిషాలు ఉంచి తీసేయండి. ముల్లు సున్నాకు రాకపోతే ఆ త్రాసు వద్దు.

ముల్లును ఎదురుగా, కంటి ఎత్తులో చూడాలి. పక్కనుంచి చూస్తే ఒక గీత అటూ ఇటూ కనిపిస్తుంది.

పళ్ళేల త్రాసుకు ఇంకో పరీక్ష ఉంది. ఒక పక్క రాయి, రెండో పక్క సరుకు వేసి సమం చేయండి. తర్వాత రెండింటినీ అటుదిటు మార్చండి. అప్పుడూ సమంగా నిలిస్తేనే త్రాసు మంచిది. ఇనుప రాళ్ళ అడుగున సీసం ఉంటుంది, దాని మీద ముద్ర వేస్తారు. సీసం ఊడిపోయిన రాయి బరువు తగ్గినట్టే.

ఇంట్లో పైపైన చూసుకోవడానికి ఒక చిట్కా: పది రూపాయల నాణేలు పదమూడు కలిపితే సుమారు 100 గ్రాములు. లీటరు నీళ్ళు సుమారు కిలో. ఇది మన అనుమానం తీర్చుకోవడానికే, ముద్రకు బదులు కాదు.

ఈ మాట గట్టిగా గుర్తుంచుకోండి. అమ్మకానికి తూచే త్రాసుకు, రాళ్ళకు తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలి. 2009 నాటి లీగల్ మెట్రాలజీ చట్టం చెప్పేది అదే. పళ్ళేల త్రాసుకు, రాళ్ళకు రెండేళ్ళకోసారి మళ్ళీ ముద్ర వేయించాలి. ఇంటి వాడకం కోసం అమ్మే డయలు త్రాసు వంటకు పనికొస్తుంది, ప్యాకెట్లు నింపడానికి కాదు. ప్యాకెట్ మీద రాసే బరువు సరుకుది మాత్రమే. జాడీ ఖాళీగా ఉన్నప్పుడే తూచి, ఆ బరువు తీసేసి రాయండి.

కొన్నాక జాగ్రత్తలు: చదునైన బల్ల మీద పెట్టండి. పని అయ్యాక డబ్బాలు దాని మీద వదిలేయొద్దు, స్ప్రింగు సాగిపోతుంది. ఉప్పు, కారం పొడి గుడ్డతో తుడవండి, నీళ్ళతో కడగొద్దు.

ధాన్యం కొనుగోలు కేంద్రాలు నడిపిన అక్కలకు తెలుసు, కాటా దగ్గర రైతు కళ్ళు ఎలా ఉంటాయో. మన జాడీ కొనే ఆమె కళ్ళు మనకు కనబడవు, అంతే తేడా.

మా ఉపసంఘం ప్రతిపాదన ఒక్కటే. ప్రతి గ్రామ సమాఖ్య ముద్ర ఉన్న రాళ్ళ సెట్టు ఒకటి కొని ఆఫీసులో ఉంచాలి. నెలవారీ మీటింగుకు ప్రతి సంఘం తన త్రాసు తెచ్చి సరిచూసుకోవాలి. ఎంత తేడా వచ్చిందో, ఏ తారీఖున చూశారో మినిట్స్ పుస్తకంలో రాయాలి. పొదుపు రూపాయి రూపాయి లెక్క రాసే మనకు గ్రాముల లెక్క రాయడం కష్టమేమీ కాదు. దీన్ని తీర్మానంగా ఆమోదించమని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.