విప్పి చూచు విద్య



1975 మార్చిలో అమెరికాయందలి కాలిఫోర్నియా రాష్ట్రమున, మెన్లో పార్కు అను ఊర, ఒక ఇంటి కారు షెడ్డులో కొందరు ఔత్సాహికులు సమావేశమైరి. కంప్యూటరును స్వయముగా కూర్చుకొనవలెనని వారి పట్టుదల. అందు స్టీవ్ వోజ్నియాక్ అను యువకుడు ఒక యంత్రమును రూపొందించి, దాని పటములను తోడివారికి ఉచితముగా పంచెను. అదియే 1976లో 666 డాలర్ల 66 సెంట్లకు అమ్మకమునకు వచ్చిన ఆపిల్-1. దానికి పెట్టె లేదు, కీబోర్డు లేదు, తెర లేదు. అవి కొన్నవాడే సమకూర్చుకొనవలెను.

ధరకంటె ఆ పంచుటయే నాకు ఘనముగా తోచును. పటము ఎదుట నున్నపుడే గదా తప్పు పట్టుటకైనను వీలగుట!

మన పిల్లవాడు రేడియో విప్పినచో చివాట్లు పెట్టుదుము. నేనును పెట్టితిని. కరెంటు తీయక విప్పినచో పెట్టవలసినదే. ఊరక చూడగోరినవానికి చోటేది? కార్యవర్గమువారు ఈ గ్రంథాలయమున ఒక మూల బల్ల వేయించి, సోల్డరింగు కడ్డీ, మల్టీమీటరు, బ్యాటరీలతో నడచు పాత రేడియోలు ఉంచవలెనని ప్రార్థించుచున్నాను. మా ఇంట మూగవోయిన రేడియోను రేపే పంపెదను.