చేరదీసి నేర్పేవారు
(పెన్షనర్ల సంఘం సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉద్యోగంలో పైకి రావడానికి చదువొక్కటే చాలునా అన్నది నాకిచ్చిన విషయం. చాలదని నా అభిప్రాయం. మంచి స్వభావం కావాలి. దాన్ని గుర్తించి, దగ్గర కూర్చోబెట్టుకొని నేర్పే పెద్ద ఒకరు కావాలి.

మన జిల్లావారినే చూడండి. ఘంటసాల వెంకటేశ్వరరావు గారు 1922లో గుడివాడ దగ్గర చౌటపల్లిలో జన్మించారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. సంగీతం నేర్వాలనే పట్టుదలతో విజయనగరం చేరి, వారాలు చేసుకొని, మధూకరం ఎత్తుకొని చదివారు. అక్కడ ఆయనను చేరదీసి విద్య చెప్పినవారు పట్రాయని సీతారామశాస్త్రి గారు. శాస్త్రి గారు ధనవంతులు కారు, సంగీతం చెప్పే పంతులు గారు. తరువాత 1942 ఉద్యమంలో ఘంటసాల గారు జైలుకు వెళ్ళారు. విడుదలయ్యాక ఆయన పాట విని మద్రాసు రమ్మన్నది సముద్రాల రాఘవాచార్యులు గారు. అక్కడ ఆ గొంతు మైకుకు పనికిరాదన్నవారూ ఉన్నారు. రేడియోలో బాలాంత్రపు రజనీకాంతరావు గారు అవకాశమిచ్చారు. 1951లో 'పాతాళభైరవి' వచ్చేసరికి ఆయన పాట ఊరూరా మోగింది. గొంతు ఆయనది, ఓర్పు ఆయనది. కాని ఈ పెద్దలు లేకుంటే ఏమయ్యేదో ఆలోచించండి.

మన ఆఫీసుల్లోనూ అంతే. డిపార్టుమెంటు పరీక్షలు ప్యాసైనవారు చాలామంది. ఫైలు ఎలా నడపాలో, ఏ జీవో ఎక్కడ వర్తిస్తుందో చెప్పింది మాత్రం పక్క సీటులోని పెద్ద గుమాస్తాయే. కోపిష్ఠిని ఎవరూ అడగరు, అడగడానికి నామోషీ పడేవాడికి ఎవరూ చెప్పరు. అందుచేత మంచి స్వభావం ఇద్దరికీ ఉండాలి. అధికారిని కాకాపట్టి పైకి రావడం వేరు. ఆయన బదిలీతో అది సరి. నేర్చిన పని రిటైరయ్యేదాకా అన్నం పెడుతుంది.

ఇప్పుడీ మాట ఎందుకంటే, రేపు మనలో ఒకరు కన్నుమూస్తే మన ఇల్లాలి ఫ్యామిలీ పెన్షను కాగితాలు చూడవలసింది ఈనాటి కొత్త పిల్లలే. సర్వీసు రిజిస్టరులో ఒక పేరు, ఆధార్ కార్డులో ఇంకో పేరు ఉంటే ఏంచేయాలో తెలిసినవారు వారికి చెప్పాలి. ఆ తెలిసినవారు ఈ హాల్లోనే కూర్చున్నారు.

కాబట్టి నా మనవి. ప్రతి సభ్యుడూ కొత్తగా ఉద్యోగంలో చేరిన ఒక్క అబ్బాయినో అమ్మాయినో చేరదీయండి. వారానికొక గంట చాలు. 'మా రోజుల్లో' అని మొదలుపెట్టకుండా, వారు అడిగిందానికి జవాబు చెప్పండి. పట్రాయని వారంత విద్య మనకు లేకపోవచ్చు. ఉన్నది పంచడానికి ఆయనకున్న మనసు ఉంటే చాలు.