పేరిణి నిజముగా నాటి ఆటయేనా?



2022వ సంవత్సరము జూలై మాసమున ఓరుగల్లులో కాకతీయ వైభవ సప్తాహము జరిగినది. ఒకనాటి సాయంకాలము పేరిణి నర్తకులు రంగమెక్కగా, నా ప్రక్కనున్న వృద్ధకర్షకు డొకడు, "పంతులుగారూ, ఇది నిజముగా గణపతిదేవుని నాటి ఆటయేనా, మనవారు కల్పించినదా?" అని యడిగెను. అప్పుడు సరియైన యుత్తర మీయజాలనైతిని. నేడు యత్నించెదను.

గణపతిదేవుని గజసాహిణి జాయపసేనాని 1253-54 ప్రాంతమున నృత్తరత్నావళి యను సంస్కృతగ్రంథమును రచించెను. అందెనిమిది యధ్యాయములు. మొదటి నాలుగింట భరతముని చెప్పిన మార్గము. తక్కిన నాలుగింట దేశి, అనగా ఆయా దేశముల జనులాడుకొను ఆటలు. ఏనుగుల దండు నడపువాడు పేరణి, దండరాసకము, చిందు మొదలగువానికి లక్షణము వ్రాయుట వింత కాదా! దండరాసకము మన కోలాటమునకు జ్ఞాతియే. చిందు మాట మన పల్లెలలో నేటికిని వినబడుచున్నది. ఈ గ్రంథము 1965లో చెన్నపురిని అచ్చైనది. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారి తెనుగుసేత 1969లో వెలువడినది.

పాలంపేటలో రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన రామప్పగుడి మీద నర్తకులును, మద్దెల వాయించువారును శిలలో నిలిచియున్నారు. నటరాజ రామకృష్ణగారు గ్రంథమును, శిలను జతపఱచి పేరిణిని మరల నిలిపిరి. 1985 మహాశివరాత్రినాడు ఆ గుడిముంగిటనే అది ప్రదర్శింపబడినది.

అయితే శిల భంగిమను చూపును గాని, ఒక భంగిమనుండి వేఱొకదానికి పోవు నడకను చూపదు. పేరణిలో ఘర్ఘర మను నంగము గలదు. తాళము ననుసరించి కాలిగజ్జెలను మ్రోయించు నేర్పది. ఏ శిల్పి యా మ్రోతను చెక్కగలడు? గురుశిష్యపరంపర తెగినచోట ఊహతో పూరింపక తప్పదు. కావున నా కర్షకునకు నేడు చెప్పునది యిది: పునాది నాటిది, గోడలు మనవి. ఆ మాట దాపక చెప్పినచో ఆటకు లోపము రాదు. (మఱియొక యూర ధ్వనివర్ధకముల హోరులో గజ్జెలే వినరాలేదు. అది మాత్రము లోపమే.)

ఇక సంగీతము మాట. జాయన గీతరత్నావళి, వాద్యరత్నావళి యనునవి గూడ రచించెనని పెద్దలందురు. అవి లభింపలేదు. మీ యిండ్ల అటుకులపై తాటాకు కట్టలున్నచో చెదలకు విడువక, చదువనేర్చినవారికి ఒక్కమాఱు చూపుడు. నా చిన్ననాట మా తాతగారి కట్టలు రెండు ఏటిలో కలిపిరి. అందేమున్నదో ఎవ్వరును విప్పి చూడలేదు.