చేపల తొట్టికి ఒక ప్లగ్గు



ఆదిలాబాదులో గుమాస్తాగా పనిచేసి, కరీంనగర్‌లో స్థిరపడినవాడను. మన రామగుండం ఎన్.టి.పి.సి.లో తొలి యూనిట్ 1983లోనే మొదలైంది. అయినా ఎండకాలం గాలిదుమారం లేచి తీగలు తెగితే ఎవరికైనా చీకటే.

మొన్నటి వేసవిలో ఒక రాత్రి అట్లాగే కరెంటు పోయింది. ఇన్వర్టరు ఉన్నందున ఫ్యాన్లు తిరిగినవి, మేము హాయిగా నిద్రపోయినాము. చేపల తొట్టి ప్లగ్గు మాత్రం ఇన్వర్టరు లైనులో లేదు. తెల్లవారేసరికి మనుమరాలి ఏడు గోల్డ్‌ఫిష్‌లలో అయిదు చచ్చి తేలినవి. ఆ పిల్ల నన్ను ఒక్క మాట అనలేదు. అదే నన్ను ఎక్కువ బాధించింది.

తరువాత తెలుసుకున్నది మనవి చేస్తాను. నీరు వేడెక్కిన కొద్దీ అందులో ఆక్సిజన్ తక్కువ కరుగుతుంది. తొట్టిలో దీపం లేకున్నా ఫరవాలేదు, గాలి ఆడాలి. చిన్న గాలిపంపుకు 5 వాట్లు చాలు. ఇన్వర్టరు లేనివారు బ్యాటరీ పంపు పెట్టుకోవచ్చు. మంచి స్థితిలో ఉన్న 12 వోల్టుల, 7 ఆంపియర్-అవర్ బ్యాటరీ నిండుగా చార్జి అయితే అటువంటి పంపును రాత్రంతా నడుపుతుంది. పంపును నీటిమట్టం కంటే ఎత్తున ఉంచండి. లేకుంటే అది ఆగినప్పుడు గొట్టంలో నీళ్లు వెనుకకు వస్తాయి. ఏదీ లేనినాడు చెంబుతో తొట్టి నీళ్లే ముంచి, జానెడు ఎత్తు నుండి మాటిమాటికి పోయండి. కరెంటు వచ్చేదాకా మేత వేయవద్దు.

పెన్షను కాగితాలకు మూడేసి నకళ్లు దాచుకునేవాళ్లం మనం. నోరులేని జీవానికి ఒక ప్లగ్గు మార్చలేమా? ఇంటికి పోగానే చూసుకోండి. సెలవు.