నూసా తెంగారా తీమూర్: ఎండు దీవుల నేతవారు

(సమాఖ్య వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నూలు ధర గురించి, రిబేటు బాకీల గురించి, ముసలి నేతగాళ్ల పింఛను గురించి మధ్యాహ్నం ఎలాగూ మాట్లాడుకుంటాం. ఈ అరగంట మాత్రం పరదేశపు నేతవారి గురించి చెప్పమని కమిటీవారు అడిగారు. మేము చదివింది ఎనిమిదో తరగతి. సముద్రం దాటింది లేదు. మా మనవరాలు చదివి చెప్పగా, వీడియోలు చూసి, తెలిసినంత రాసుకొచ్చాం.

ఇండోనేషియా అంటే పచ్చని వరిచేలు, ఎప్పుడూ వాన అనుకుంటాం. జావా, బాలి అలాంటివే. బాలి దాటి తూర్పుకి పోయేకొద్దీ వాన తగ్గిపోతుంది. ఆ కొసన ఉన్న రాష్ట్రం పేరు నూసా తెంగారా తీమూర్. నూసా అంటే దీవి, తెంగారా అంటే ఆగ్నేయం, తీమూర్ అంటే తూర్పు. 1958లో ప్రత్యేక రాష్ట్రమయింది. ఐదు వందలకు పైగా దీవులున్నాయి గానీ పెద్దవి మూడే: ఫ్లోరెస్, సుంబా, తీమోర్. తీమోర్‌లో పడమటి సగమే వీళ్లది, తూర్పు సగం వేరే దేశం. రాజధాని కుపాంగ్. అక్కడినించి దేశ రాజధాని జకార్తాకు విమానంలో మూడు గంటలు. ఆస్ట్రేలియాలోని డార్విన్ పట్నం అంతకంటే చాలా దగ్గర. ఆ దగ్గరితనమే వీళ్లకి శాపం. మే నెల నుంచి ఆస్ట్రేలియా ఎడారుల వైపు నుంచి ఎండుగాలి వీస్తుంది. డిసెంబరు నుంచి మార్చి దాకా ఆ మూడు నాలుగు నెలలే వాన. ఆపైన గడ్డి ఎండి కొండలు గోధుమరంగుకి తిరుగుతాయి. అనంతపురం నుంచి వచ్చి బళ్లారిలో స్థిరపడ్డ మనవాళ్లకి దీన్ని వివరించి చెప్పక్కర్లేదు.

2020 జనాభా లెక్కల్లో 53 లక్షల మంది. సగానికి పైగా కాథలిక్ క్రైస్తవులు, మూడో వంతు దాకా ప్రొటెస్టెంటులు, సముద్రపు ఒడ్డున ముస్లిములు. సుంబాలో మాత్రం పూర్వీకుల్ని కొలిచే మరాపు అనే పాత ఆచారం ఇంకా బతికుంది. భాషలు పదుల సంఖ్యలో ఉన్నాయి. ఒక కొండ దిగి ఇంకో కొండ ఎక్కితే మాట మారిపోతుందట. ఇంట్లో ఒక భాష, బజారులో ఇంకొకటి మాట్లాడుకునే మనకి అది వింత కాదు. కొమొడో దీవిలో ఉండే పెద్ద ఉడుముల్ని చూడ్డానికి లోకమంతా అక్కడికే పోతుంది. ఆ సంగతి టీవీలో చూసే ఉంటారు.

ఇక తిండి. వరి తక్కువ. మొక్కజొన్న, కర్రపెండలం, జొన్న. తీమోర్ కొండల్లో తేనెపట్టు బోర్లించినట్టు గుండ్రటి గడ్డి ఇళ్లుంటాయి. కిటికీ ఉండదు, వంగి దూరాలి. లోపల పొయ్యి, పైన అటక మీద మొక్కజొన్న కంకులు. పొగ పడితే పురుగు పట్టదు. గింజ బాగుంటుంది గానీ మనుషుల ఊపిరితిత్తులు పాడవుతాయి. బాలింతను నలభై రోజులు ఆ పొగలోనే కుంపటి పక్కన ఉంచుతారు. వద్దని ఆరోగ్యశాఖవాళ్లు ఎన్నేళ్లుగానో చెబుతున్నారు. పాత పంట అయిపోయి కొత్త పంట రాని రెండు మూడు నెలల్ని ఆకలి కాలం అనే పిలుస్తారు. ఐదుగురిలో ఒకరు పేదరికపు గీత కింద ఉన్నారు. ఐదేళ్ల లోపు పిల్లల్లో మూడో వంతుకు పైగా వయసుకు తగ్గ ఎత్తు ఎదగలేదని ప్రభుత్వ లెక్కలే చెబుతున్నాయి. 2021 ఏప్రిల్లో సెరోజా అనే తుపాను వచ్చి ఆ ఒక్క రాష్ట్రంలోనే నూట ఎనభై మంది దాకా పోయారు. ఫ్లోరెస్‌లో అగ్నిపర్వతాలు కూడా ఉన్నాయి.

ఇంత ఎండలో వాళ్లని నిలబెట్టిన చెట్టు ఏదో తెలుసా? మన తాటిచెట్టే. రోటే, సావు అనే చిన్న దీవుల్లో తాటి నీరా కాచి పాకం చేసి కుండల్లో దాచుకుంటారు. పంట లేని రోజుల్లో ఆ పాకం నీళ్లలో కలుపుకుని తాగితే అదే భోజనం. ఆకుతో ఇంటి కప్పు, బొక్కెన, వాయించుకునే ససాండో అనే వాద్యం కూడా చేస్తారు. ఇక్కడ తమిళనాట తాటిబెల్లం వండే ఊళ్లు మనకు తెలుసు. వాళ్లకది పలహారం కాదు, ప్రాణం.

అసలు విషయానికి వస్తాం. ఈ రాష్ట్రంలో నేత ఆడవాళ్ల పని. మగ్గం అంటే గుంట మగ్గం కాదు. పడుగు ఒక కొస స్తంభానికి, రెండో కొస నడుము వెనక పట్టెకి కట్టుకుని నేల మీద కూర్చుంటారు. వెనక్కి వాలితే పడుగు బిగుస్తుంది, ముందుకొస్తే సడలుతుంది. ఒళ్లే మగ్గంలో సగం. ఇకత్ అని లోకమంతా పిలిచే మాట వాళ్లవైపుదే, కట్టడం అని అర్థం. మన చిటికి పనే అది. వాళ్లు పడుగుని మాత్రమే కట్టి అద్దుతారు. పూర్వం తాళజాతి ఆకు పీలికతో కట్టేవాళ్లు, ఇప్పుడు ప్లాస్టిక్ దారం. మన పోచంపల్లివాళ్లు సైకిలు ట్యూబు రబ్బరుతో కట్టినట్టే.

రంగులు రెండు ముఖ్యం, నీలి, ఎరుపు. ఎరుపు తొగరు చెట్టు వేరు నుంచి తీస్తారు. దానికి ముందు నూలును నూనెగింజల ముద్దలో నానబెడతారు. ఇది వినగానే మాకు చీరాల తేలియా రుమాలు గుర్తొచ్చింది. అక్కడా నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిద నీళ్లలో నానబెట్టి పిసికేవాళ్లు గదా. నీలి ఆకు వానల వెనక, ఎరుపు ఎండాకాలంలో. అందుకే సుంబాలో ఒక మంచి దుప్పటి దిగాలంటే ఏడాది పట్టినా ఆశ్చర్యం లేదు.

ఆ డిజైన్లలో కొన్ని మన దేశం నుంచి పోయినవే. 1600ల మొదట్లోనే డచ్చివాళ్లు మచిలీపట్నంలో మకాం పెట్టి మన తీరపు గుడ్డలు కొని, ఇండోనేషియా దీవులకు పట్టుకుపోయి లవంగాలకు, జాజికాయలకు మార్చుకునేవాళ్లు. గుజరాతు పటోలా పట్టు అక్కడి దొరలకు కానుకగా చేరింది. దాన్ని చూసి అక్కడి ఆడవాళ్లు నూలులో కట్టి నేశారు. ఆ నమూనాకి ఈనాటికీ పటోలా పేరే ఉంది.

మరి ఇంత కరువులో ఆ నేత ఎలా నిలిచింది? మేము అర్థం చేసుకున్నది ఇది: వాళ్ల గుడ్డకి బజారు కంటే ముందు ఇల్లు గిరాకీ. సుంబాలో పెళ్లి కుదిరితే మగపెళ్లివారు గుర్రాలు, గేదెలు తోలుకొస్తారు, ఆడపెళ్లివారు నేసిన గుడ్డలు ఇస్తారు. మనిషి పోతే శవానికి గుడ్డ మీద గుడ్డ చుడతారు. వచ్చినవాళ్లంతా గుడ్డ తేవాలి. ఇందులో చెడుగు లేదనం. ఒక్క చావుకి పశువుల్ని కోసి కోసి తరాలకు అప్పులు పడ్డ ఇళ్లున్నాయి. కానీ మగ్గానికి పని మాత్రం తప్పలేదు. ఇప్పుడు ప్రభుత్వ ఉద్యోగులు కూడా వారంలో కొన్ని రోజులు ఆ నేత కట్టుకు రావాలనే నియమం పెట్టారు. జావాలో చవగ్గా నేసిన నకళ్లు సుంబా పేరుతో అమ్ముడుపోతున్నాయన్న ఏడుపు అక్కడా ఉంది. అచ్చువేసిన పోచంపల్లి చూసినవాళ్లం, ఆ బాధ మనకు తెలియనిది కాదు.

ఇంకొకటి చెప్పాలి. తీమోర్‌లో ముతిస్ అనే కొండ, సుమారు 2,400 మీటర్ల ఎత్తు. ఏళ్లన్నీ అక్కడే పుడతాయి. అద్దకానికి ఆకు, వేరు ఆ అడవిలోవే. చలువరాయి కోసం కంపెనీలు ఆ కొండల్ని తవ్వడం మొదలుపెట్టాయి. అక్కడి మోలో జాతివాళ్లకి రాయి భూమి ఎముక, నీరు రక్తం, అడవి తలవెంట్రుకలు. అలేతా బావున్ అనే ఆవిడ ఊరూరా నడిచి జనాన్ని కూడగట్టింది. ఆవిడ మీద హత్యాయత్నం జరిగింది, పిల్లతో అడవిలో దాక్కుంది. చివరికి నూట యాభై మంది ఆడవాళ్లు మగ్గాలు తీసుకుపోయి క్వారీ దగ్గర కూర్చుని నేశారు. కేకలు లేవు, రాళ్లు లేవు. దాదాపు ఏడాది పాటు నేస్తూ కూర్చున్నారు. మగవాళ్లు ఇంట్లో వండి పిల్లల్ని చూసుకుని బువ్వ మోసుకొచ్చారు. 2010 నాటికి కంపెనీలు ఆ క్వారీలు వదిలిపోయాయి. 2013లో ఆవిడకి గోల్డ్‌మన్ పర్యావరణ బహుమతి వచ్చింది. ధర్నా అంటే మైకు, టెంటు అని మాత్రమే తెలిసిన మాకు ఈ సంగతి విని రెండు రోజులు నిద్ర పట్టలేదు.

అయినా పడుచువాళ్లు ఆగడం లేదు. మన పిల్లలు తిరుప్పూరు బనియన్ మిల్లులకు పోయినట్టు, వాళ్లు మలేషియా పామాయిల్ తోటలకు, ఇంటిపనులకు పోతున్నారు. చాలామందికి కాగితాలుండవు, దళారి చెప్పిందే వేదం. ఈమధ్య కొన్ని సంవత్సరాల్లో ఏడాదికి వందకు పైగా శవపేటికలు కుపాంగ్ విమానాశ్రయంలో దిగాయి. తల్లి నేసి దాచిన గుడ్డ కూతురి పెళ్లికి కాక ఆ పెట్టె మీదికి పోతోంది.

మా సంఘంలో పోయిన నెల ఒక తీర్మానం రాశాం. సభ్యుల ఇళ్లలో పెళ్లి జరిగితే ముహూర్తపు చీర, పంచె సంఘం మగ్గం మీదివే ఉండాలి, నేసినవారి పేరు శుభలేఖలో వేయాలి, ఆ జతకు సంఘం లాభం తీసుకోదు. కంచిపట్టు మానమని ఎవరినీ అనడం లేదు. తాళి కట్టే ఆ గంట సేపు చాలు. కొందరు ఆడపెళ్లివారు ఒప్పుకోరని అన్నారు, వాళ్ల మాటా రాసుకున్నాం. నకలు కాగితాలు ద్వారం దగ్గర బల్ల మీద ఉన్నాయి. మీ మీ సంఘాల్లో చదివి, కుదిరితే కుదిరిందని, లేకుంటే ఎందుకు కుదరదో దీపావళి లోపల మాకు కార్డు రాయండి.